కాణిపాకం దాకా రెండు జీపులు

తిరుపతి నుంచి బంగారుపాళ్యం పోయి రావడాన్ని యాత్ర అన్నందుకు మా స్కూల్లో తోటి టీచర్లు నవ్వారు. పొద్దున బస్సెక్కితే చీకటి పడకముందే ఇల్లు చేరొచ్చు కదా అన్నారు. నిజమే. కానీ మేము బస్సులో పోలేదు. రెండు జీపుల్లో, రెండు రోజులపాటు, దారి పొడుగునా ఒకరి మీద ఒకరం అలుగుతూ పోయాం. చిత్తూరు వైపు ఎప్పుడూ రానివాళ్ళకీ, వచ్చినా కాణిపాకంలో దండం పెట్టుకుని అట్నుంచటే వెనుదిరిగినవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను. జీపు కొనాలని ఉబలాటపడే భర్తలున్న ఆడవాళ్ళు మాత్రం రెండుసార్లు చదవండి.

ముందు అసలు గొడవేమిటో చెప్పాలి. మా ఆయన మునిరత్నానికి రేణిగుంట రోడ్డులో ట్రాక్టరు విడిభాగాల కొట్టుంది. మా పెళ్ళైన కొత్తలో కొన్న జీపు ఒకటి ఉంది. మా తమ్ముడు గిరి మొన్నామధ్య అదే జీపు కొత్త రూపంలో వస్తే కొనేశాడు. కంపెనీవాళ్ళు పొడవు పెంచారు, తలుపులు పెంచారు, ముందర టీవీ అంత తెర పెట్టారు, వీటన్నిటితోపాటు ధర కూడా పెంచారు. ఆ జీపు చూసినప్పటి నుంచి మా ఆయనకు అన్నం సహించడం లేదు. పాతది అమ్మి, పైన వేయాల్సిన తేడా వేసి కొత్తది కొనాలంటాడు.

ఆ తేడాతో మా మిద్దె మీద ఒక గది కట్టుకోవచ్చు. ఈ లెక్క నాకెలా తెలుసంటే, ఆ గది నాది. సాయంత్రం నేను హాల్లో పిల్లలకు ట్యూషన్ చెబుతుంటే, మా ఆయన పక్కనే కూర్చుని క్రికెట్ చూస్తూ అరుస్తాడు. పిల్లలు మొగల్ చక్రవర్తుల పేర్ల మధ్యలో బౌలర్ల పేర్లు రాస్తున్నారు. అందుకని చీటీ కట్టి, గది కోసం డబ్బు కూడబెట్టాను. మా ఆయన కన్ను సరిగ్గా ఆ డబ్బు మీదే పడింది.

గిరి వాడి బావకే వత్తాసు. "అక్కా, దుడ్లు యాడికీ పోవు. ఈ బండికి రీసేల్ వాల్యూ ఉండాది. నాలుగేండ్లు తోలి అమ్మినా కొన్న రేటే వస్తాది. బంగారం కొన్నట్లే అనుకో" అన్నాడు.

"బంగారానికి డీజిల్ పోసేదెవర్రా?" అని అడిగాను.

పాత జీపు కొంటానని బంగారుపాళ్యం నుంచి ఒకాయన కబురు పెట్టాడు. పేరు చెంగల్రాయుడు. మామిడి తోపు రైతు, మా ఆయన కొట్టుకు పాత ఖాతా. తోపులోకే తీసుకొచ్చి చూపించమన్నాడు. అప్పుడు నేనొక షరతు పెట్టాను. రెండు బండ్లూ ఒకే దారిలో రావాలి. కొంత దూరం దాంట్లో, కొంత దూరం దీంట్లో నేను కూర్చుంటాను. గది అంత తేడా నాకు కనబడితేనే చీటీ డబ్బు బయటికి వస్తుంది.

చంద్రగిరి: పాతదాంట్లో

జూన్ నెల. తెల్లవారుజామున బయల్దేరాం. మా పాత జీపులో ఎడమవైపు ముందు సీటు నాది. ఆ వైపు తలుపుకొక జబ్బుంది, బండి కుడివైపు మలుపు తిరిగితే దానంతటదే తెరుచుకుంటుంది. చాలా ఏళ్ళ కిందట ఇలాగే ఒక మలుపులో తెరుచుకుంటే, నా వెంకటగిరి చీర అంచు ఒకటి చింపి, తలుపు పిడినీ సీటు కడ్డీనీ కలిపి కట్టాను. అది నాకు మహా ఇష్టమైన నీలం చీర. అంచు మాత్రం అప్పటినుంచీ అక్కడే ఉంది. నేను ఎక్కగానే ముడి వేసుకోవాలి, దిగేముందు విప్పుకోవాలి. మా ఆయన దీన్ని సీటు బెల్టు అంటాడు.

చంద్రగిరి దాటాక రోడ్డు పక్కన ఇడ్లీల బండి దగ్గర ఆగాం. తిరుపతిలో యాత్రికులతోపాటు మేమూ యాత్రికుల రేటే కడతాం కాబట్టి, ఈ ఇడ్లీ రేటు విని నేను రెండోసారి అడగాల్సి వచ్చింది. సగానికి సగం. పైగా వేరుశనగ చట్నీ అడక్కుండానే మళ్ళీ వేసింది ఇడ్లీలావిడ. వేస్తూ వేస్తూ గిరి జీపును ఎగాదిగా చూసింది.

"అబ్బయా, యెంతయింది బండి?"

గిరి గర్వంగా చెప్పాడు. ఆవిడ గరిటెతో బండి వైపు చూపించింది.

"దాంట్లో యెక్కితే తిరపతికి తొందరగా పోతావా?"

"తొందరగా అని కాదు పెద్దమ్మా, హాయిగా పోవచ్చు."

"ఆ దుడ్లు నాకిస్తే నేను యాడికీ పోకుండానే హాయిగా ఉంటా" అని నవ్వి, గిరికి మాత్రం మూడోసారి చట్నీ వేసింది. అంత ఖర్చు పెట్టినవాడి మీద జాలిపడిందేమో అనుకున్నాను.

పాకాల తర్వాత: కొత్తదాంట్లో

పాకాలలో టీ తాగి బండి మారాను. కొత్త జీపు ఎక్కడమే ఒక పరీక్ష. మెట్టు మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, చీర కుచ్చిళ్ళు కాపాడుకుంటూ ఎక్కాలి. తలుపు వేస్తే మెత్తగా పడింది. లాగి చూశాను, ఊడి రాలేదు. బయటి ఎండ, దుమ్ము, లారీల హారన్లు అన్నీ బయటే ఆగిపోయాయి. తెరలో నుంచి ఒకమ్మ ఇంగ్లీషులో బెల్టు పెట్టుకోమంది. రెండోసారి ఇంకాస్త గట్టిగా చెప్పింది. మా ఆయన వెనకాల పాత జీపులో ఒక్కడే వస్తున్నాడు, ఎర్ర దుమ్ములో మొహం కూడా సరిగా కనబడలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి చిత్తూరు దగ్గరికొచ్చేశాం. పాత జీపులో పాకాల దాకా రాగానే నడుము పట్టేయడం నాకు ఆనవాయితీ. ఆ రోజు నడుమున్న సంగతే మర్చిపోయాను.

"ఎట్లుండాదక్కా?" అని గిరి అడిగాడు.

"పర్వాలేదు" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నా మెడకు చుట్టుకుంది.

చిత్తూరు దాటాక ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. అన్నిటి నిండా బెంగళూరా కాయలు. మీ ఊళ్ళో తోతాపురి అంటారేమో, చిత్తూరులో ఇది బెంగళూరా, బంగినపల్లి బేనీషా. ఒక ట్రాక్టరులో కాయల మీద దుప్పటి పరుచుకుని, గొడుగు కింద ఒక ముసలాయన కూర్చున్నాడు. నిన్నటి నుంచీ వరసలో ఉన్నాడట. దారి లేక మేమూ ఆగిపోతే మాట కలిపాడు. కొత్త జీపు ధర ఈయనా అడిగాడు, గిరి ఈసారి కాస్త గొంతు తగ్గించి చెప్పాడు.

"మా కాయ రేటు యేటా దిగతా ఉండాది, మీ బండి రేటు యేటా యెక్కతా ఉండాది. ఆ బండ్లకు యేం మందు కొడతారో కనుక్కోని చెప్పప్పా, మేమూ కొడతాము" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, మాకే నవ్వు సరిగా రాలేదు. ఒడినిండా కాయలు ఇచ్చి, డబ్బిస్తే తీసుకోలేదు. "దీనికి దుడ్లు దేనికి తల్లీ, ఈ యేడు ఊరికే ఇచ్చినా కొనేవాళ్ళు లేరు" అన్నాడు. నాకు చాలా బాధేసింది. ఆ కాయలు ఇంటికి తెచ్చి పచ్చడి పెట్టాను.

చెంగల్రాయుడి తోపు

బంగారుపాళ్యం దాటాక రోడ్డు దిగి, మట్టి బాటలో పోతే వస్తుంది తోపు. ముందురోజు వాన పడింది. చెంగల్రాయుడు పంచె ఎగ్గట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మనిషి బక్కపలచన, మీసం మాత్రం దిట్టం. మంచినీళ్ళు ఇచ్చాక మొదటి మాటే, "రెండు బండ్లూ గుట్ట మీది బోరు కాడికి పోయి రానీ, సూస్తాము" అన్నాడు.

కొండలూ గుట్టలూ ఎక్కడానికే పుట్టిందని గిరి చెప్పిన కొత్త జీపు ముందు కదిలింది. పది చెట్లు దాటిందో లేదో కూతలు మొదలుపెట్టింది. కొమ్మ దగ్గరికొస్తే కూత, ఆకు తగిలితే కూత, వెనకాల మేక నడిచినా కూత. తెరలోని అమ్మ జాగ్రత్త జాగ్రత్త అని మొత్తుకుంటోంది. రంగు గీసుకుపోతుందని గిరి దిగి, కాయల బరువుకు వంగిన కొమ్మల్ని తువ్వాలుతో ఎత్తి పట్టుకున్నాడు. స్టీరింగు పట్టుకునేవాడు లేక బండి ఆగిపోయింది.

"కొమ్మలు కొట్టేయాల్నా యేంది?" అన్నాడు చెంగల్రాయుడు.

మా ఆయన పాత జీపు పక్క అద్దం మడిచి, చెట్ల సందున దూరి, గుట్టెక్కి బోరు దగ్గర హారన్ కొట్టాడు. నాకు ఒళ్ళు పులకరించింది. నా గది సగం కట్టేసినట్టే అనిపించింది. దిగేటప్పుడు మాత్రం మోకాలి లోతు ఎర్రబురదలో దిగబడింది. ఎంత గింజుకున్నా చక్రాలు అక్కడే తిరిగాయి. చివరికి కొత్త జీపు వచ్చి, తాడు కట్టి, ఒక్క గుంజుకు బయటికి లాగింది. కూతలు పెట్టేది పెట్టేదే గానీ దాని బలం బలమే. ఉన్నమాట రాయాలి కాబట్టి రాస్తున్నాను.

సాయంత్రం వాళ్ళింట్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు. తిరుపతిలో సంగటి హోటల్ తిండి అయిపోయింది, నెయ్యి వేసి ఇంత ముద్దకు ఇంత అని రేటు కడతారు. ఇక్కడ చెంగల్రాయుడి భార్య నా పిడికిలి కంటే పెద్ద ముద్ద పళ్ళెంలో వేసి, "యెండలో వచ్చినారు, ఇంకోటి తినండి" అని రెండోది చూపించింది. మొదటిదే పూర్తి చేయలేక నేను పులుసులో దాచే ప్రయత్నం చేశాను. మా ఆయన నిశ్చింతగా తింటున్నాడు. బేరం కుదిరింది, అడిగిన రేటుకు చెంగల్రాయుడు సరే అన్నాడు.

అప్పుడాయన చేయి కడుక్కుంటూ, "రేప్పొద్దున కాణిపాకంలో ప్రమాణం చేసేసి తాళాలిచ్చెయ్ రత్నమప్పా" అన్నాడు.

మా ఆయన చేతిలో సంగటి నోటిదాకా పోయి ఆగింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా తిరుపతిలో బండికి అలిపిరి దగ్గర టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి సరిపెట్టుకుంటాం. కాణిపాకంలోనూ ఆ పూజ ఉంది. కానీ ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు కాణిపాకం వినాయకుడంటే ప్రమాణాల దేవుడు. ఆవు పాల గొడవైనా, గట్టు తగాదా అయినా, తలారా స్నానం చేసి, తడిబట్టలతో ఆ స్వామి ముందు నిలబడి చెప్పిన మాటే ఆఖరి మాట. అక్కడ అబద్ధమాడినవాడు బాగుపడడని గట్టి నమ్మకం. బండి కాగితాలు చూపించబోతే చెంగల్రాయుడు చేత్తో వారించాడు. "కాగితం బ్యాంకోళ్ళు సూస్తారు. మేము గణపయ్యనే అడగతాము" అన్నాడు.

కాణిపాకం దారిలో

మర్నాడు పాత జీపులో మా ఆయన, నేను, వెనక సీటులో చెంగల్రాయుడు. గిరి కొత్తదాంట్లో వెనకే వస్తున్నాడు. చిత్తూరు దాటి కాణిపాకం రోడ్డు ఎక్కగానే మా ఆయన ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు.

"చెంగల్రాయప్పా, ఆ మీటరు వైరు తెగిపోయి చానా దినాలైంది. బండి అంతకంటే యెక్కువే తిరిగింది."

"కానీలే."

కాస్త దూరం పోయాక, "రెండో గేరు అప్పుడప్పుడు ఊడి వస్తాది. ఇంజను ఒకతూరి విప్పినారు" అన్నాడు. ఇంకాస్త దూరం పోయాక, "ఎడమ తలుపు తెరుచుకుంటాది. వానొస్తే టాపు కారతాది. డ్రైవరు పక్క కాదులే, ఈమె కూర్చునే పక్క" అన్నాడు. ఇన్నేళ్ళుగా వానలో నేను గొడుగు పట్టుకుని కూర్చున్నది అందుకేనన్నమాట. ఆయనకు ఎప్పుడూ తడవలేదు కాబట్టి కారడం లేదనే వాదించేవాడు.

గుడి దగ్గరపడే కొద్దీ నిజాలు చిక్కబడ్డాయి.

"వెనక బంపరు మార్పించినాను. ఈమె స్కూలు గోడ కూలింది నేను రివర్సు చేసినప్పుడే."

నేను తలుపు వైపు ముడి విప్పేసి ఆయన వైపు తిరిగాను. ఆ గోడ మా తొమ్మిదో తరగతి పిల్లలే పడగొట్టారని, అందరినీ వరసగా నిలబెట్టి హెడ్మాస్టరుకు క్షమాపణ చెప్పించింది నేనే. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే ఈ మనిషి, "ఈ కాలం పిల్లలకు బయం లేదు" అన్నాడు. నేను ఇప్పుడు ఏదో అనబోయేలోగా గోపురం కనబడింది.

"ఇంకోటుండాది" అన్నాడు రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా. "కొత్త జీపుకు అడ్వాన్సు కట్టేసినా. పోయిన నెల్లోనే."

చెంగల్రాయుడు కిటికీలోంచి చెరుకుతోటను జీవితంలో మొదటిసారి చూసినట్టు చూస్తున్నాడు. నాకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. ఈ యాత్రంతా, నా షరతూ, బండి మారడాలూ, అన్నీ అయిపోయిన పెళ్ళికి బాజాలన్నమాట. కట్టని గది గోడలు ఒక్కొక్కటే కూలిపోయినట్టనిపించింది.

స్వామి ముందు

గుడి బయట పూజకు వచ్చిన కొత్త బండ్లు బంతిపూల దండలతో నిలబడి ఉన్నాయి. మా పాత జీపు వాటి మధ్య బురదతో ఆగింది. మా ఆయన స్నానం చేసి, తడి పంచెతో చేతులు జోడించి, దారిలో చెప్పినవన్నీ స్వామికి మళ్ళీ చెప్పాడు. స్కూలు గోడతో సహా చెప్పాడు. తలుపుకు కట్టుకోవడానికి గుడ్డ ఒకటుందని కూడా చెప్పాడు.

చెంగల్రాయుడు అంతా విని తలూపాడు. "మాట్లాడుకున్న దుడ్లే ఇస్తా. యేమేమి రోగాలుండాయో తెలిసిన బండి మేలు. ఇంకో సంగతి, ఆ కొత్తదాని రేటు విన్నాక మా పక్క అందరూ పాతదాని కోసమే యెతకతా ఉండారు. నేను ఇడిస్తే ఇంకోడు ఎగరేసుకోని పోతాడు" అన్నాడు. కొత్త జీపు ధర పెంచితే లాభపడింది మా పాత జీపు! ఇంత తిరిగి చివరికి తెలుసుకున్న మార్కెట్ రహస్యం ఇదీ.

నా కోపం ఇంకా తీరలేదు. గిరి చెయ్యి పట్టుకుని ముందుకు లాగాను.

"రేయ్, నువ్వూ చెప్పు. ఇచ్చిన దుడ్లకు నీ బండి తగిందే, అమ్మితే కొన్న రేటు వస్తాది అని స్వామి ముందర చెప్పు."

"నేను తానం చెయ్యలేదక్కా."

"కొళాయి ఆడనే ఉండాది."

వాడు కొళాయి వైపు చూశాడు, స్వామి వైపు చూశాడు. భుజాలు జారేశాడు. "కంతులు కట్టలేక మొన్న రేటు అడిగినానక్కా. మంచి రేటే చెప్పినారు, కొన్నదానికి కొంచెమే తక్కువ. అది అబద్ధం కాదు. ఇంటికొచ్చి బండిని సూస్తే అమ్మబుద్ధి కాలా. అమ్మనోడికి ఆ రేటు యేం జేసుకునేదానికి?" అన్నాడు. వాడి మొహం చూస్తే, చిన్నప్పుడు తిరణాలలో కొన్న బొమ్మ బస్సు పక్కనే పెట్టుకుని పడుకున్న గిరే కనబడ్డాడు. ఆ వెంటనే తేరుకుని అక్కసు తీర్చుకున్నాడు. "సరే, నువ్వూ చెప్పు. పాకాల నించి నా బండ్లో యెట్లుండాది? పర్వాలేదన్నావే, ఈడ చెప్పు."

ముగ్గురు మగవాళ్ళూ నా వైపే చూస్తున్నారు. వాళ్ళకంటే ఎక్కువగా స్వామి చూస్తున్నాడనిపించింది. అబద్ధమాడితే గది దక్కేదేమో. నోరు రాలేదు.

"బో బాగుండాది" అన్నాను. "నడుము నొప్పి రాలేదు. తల్లి ఒళ్ళో పడుకున్నట్లు నిద్ర పట్టింది. నాకూ అట్లాంటి బండి కావాలనే అనిపించింది. కానీ నా గది అంతకంటే ముందు కావాల. దాన్నిచ్చి దీన్ని కొనుక్కుంటే, ఎంత మెత్తటి సీటైనా నాకు నిద్ర పట్టదు."

ఇంత నిజం నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. కొత్తది పనికిమాలిందనే వాదిస్తూ వచ్చాను. ఆయనేమో గదెందుకు, దండగ అంటూ వచ్చాడు. మా ఆయన నీళ్ళు కారుతున్న తడి పంచె అంచు పిండుకున్నాడు. తర్వాత స్వామి వైపు తిరిగి, "దీని చీటీ దుడ్ల జోలికి నేను పోను. అడ్వాన్సు ఎనక్కి తీసుకుంటా. ఈడనే చెప్తా ఉండా సామీ" అన్నాడు. అలా తడిసి నిలబడ్డ మనిషి మీద ఇంక కోపం నిలవలేదు. నా కొంగిచ్చి తల తుడుచుకోమన్నాను.

తిరుగు దారి

తాళాలు చెంగల్రాయుడి చేతికిచ్చి, ముగ్గురం కొత్త జీపులో తిరుపతికి బయల్దేరాం. పాకాల దాకా మా ఆయన సీటు మీది తోలును చేత్తో నిమురుతూనే ఉన్నాడు. చివరికి ఉండబట్టలేక, "గిరీ, నీకు మోజు తీరినాక ఈ బండి నాకిచ్చేయ్ రా. పాతబండి గదా, తగ్గించి ఇస్తావులే" అన్నాడు.

"యాడ తగ్గతాది బావా? దీనికి రీసేల్ వాల్యూ ఉండాది. బంగారం మాదిరి అని నేను అక్కకు చెప్తే అవునన్నది నువ్వే గదా?"

మా ఆయన మొహం చూడాలి ఆ క్షణంలో. నాకు తిరుపతి దాకా నవ్వాగలేదు.

వెళ్ళనివాళ్ళు అడుగుతారు కాబట్టి తేల్చి చెబుతాను. కొత్త జీపు మంచిదే. నడుము నొప్పి ఉన్నవాళ్ళకు ఇంకా మంచిది. తోపులున్నవాళ్ళకు పాతదే నయం. అంత ధరకు తగిందా అని ఎవరైనా వాదిస్తే మాత్రం వాదన పెంచుకోకండి, కాణిపాకం తీసుకుపోండి.

ఇప్పుడు మిద్దె మీద ఇటుకలు లేస్తున్నాయి. స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు నేను క్షమాపణ చెప్పాను, వాళ్ళు ఆశ్చర్యపోయి హోంవర్కు తగ్గించమన్నారు. మా ఆయన కొట్టుకు బస్సులో పోతున్నాడు. మొన్న చెంగల్రాయుడు ఫోన్ చేశాడు.

"తల్లీ, బండి బో బాగుండాది. ఎడమ తలుపు మాత్రం తెరుచుకుంటా ఉండాది."

"చెప్పినాడు గదప్పా స్వామి ముందర?"

"చెప్పినాడు. కట్టుకునే గుడ్డ ఉండాదని కూడా చెప్పినాడు. బండంతా యెతికినా. అది యాడుండాది?"

మా ఆయనను అడిగితే, నాకేం తెలుసు, ఆడనే పడిపోయి ఉంటాది అన్నాడు. చెంగల్రాయుడిని ఒక తాడు కొనుక్కోమని చెప్పాను. ఆదివారం బట్టలు నానబెడుతూ, కాణిపాకానికి వేసుకెళ్ళి కొక్కేనికి తగిలించిన ఆయన చొక్కా జేబు తడిమితే మెత్తగా తగిలింది. బయటికి తీశాను. మడతలు పెట్టి ఉన్న నీలం అంచు, ఒక కొసన ఇంకా నేను వేసిన ముడి అలాగే ఉంది. ఆయన హాల్లో క్రికెట్ చూస్తూ అరుస్తున్నాడు. అంచును ఉతికి, నీడలో ఆరేసి, మళ్ళీ మడిచి అదే జేబులో పెట్టాను.